నీళ్ళ అడుగు వార్తలు

ఆరో ఏట ఆమె ముక్కెక్కిన కళ్ళద్దాలు నలభై నాలుగో ఏడు వచ్చినా దిగలేదు. దిగకపోగా ఏటేటా బరువెక్కాయి. ఇప్పుడు మైనస్ తొమ్మిదిన్నర. బడిలో పిల్లలు సోడాబుడ్డి అని పిలిచేవారు. పెద్దయ్యాక కళ్ళద్దాల షాపు వెనకగదిలో ఇరవై రెండేళ్ళుగా అద్దాలు అరగదీస్తూ ఉండటంతో వీధి మొత్తానికీ అద్దాలక్క అయిపోయింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు షాపు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు.

ఆమె చిన్నతనమంతా ఒక్క మాటలో చెప్పేయొచ్చు: జాగ్రత్త. "జాగ్రత్త, కళ్ళద్దాలు!" అని అమ్మ. "జాగ్రత్త, బంతి తగుల్తుంది!" అని డ్రిల్లు మాస్టారు. తాడాట ఆడలేదు, ఈత నేర్వలేదు, పరుగు పందెంలో అందరి చెప్పులకూ కాపలా కాసింది. నన్నడిగితే, మనిషిని కట్టి పడేయడానికి గొలుసులక్కర్లేదు. ఆ ఒక్క మాట రోజుకు పదిసార్లు చెవిలో వేస్తే చాలు.

ఆ జాగ్రత్తకు గండి కొట్టినవాడు ఒక ప్లంబరు.

అతను షాపుకు వచ్చింది కుళాయి బాగుచేయడానికి కాదు. చేతిలో ఒక డైవింగ్ మాస్క్ ఉంది, ముక్కునూ కళ్ళనూ కలిపి కప్పే రబ్బరు తొడుగు, ముందు అద్దం. వారమంతా ఇళ్ళలో పైపులు బిగించే ఆ మనిషి ఆదివారాలు మున్సిపల్ ఈతకొలనులో జనానికి నీళ్ళ అడుగున ఊపిరి పీల్చడం నేర్పుతాడట. చిన్న క్లబ్బు. పళ్ళ డాక్టరు, బస్సు కండక్టరు, ఒక లెక్కల టీచరు, అందరూ సరదాకు చేరినవాళ్ళే.

"దీనికి పవర్ వేస్తారా అక్కా? మా పళ్ళ డాక్టరుకి మైనస్ ఐదు. అడుగున చేపకీ నా కాలికీ తేడా తెలీట్లేదాయనకి. పోయిన వారం నా బొటనవేలి దగ్గరికొచ్చి ఎంత మురిసిపోయాడో!"

అలాంటి పని ఆమె ఎప్పుడూ చేయలేదు. చేయలేదు కాబట్టే ఒప్పుకుంది. రెండు రోజులు కూర్చుని అద్దాలు ఆ ఆకారానికి అరగదీసి లోపలివైపు అంటించింది. నీళ్ళు కారుతున్నాయో లేదో చూడాలి కదా. తన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మాస్క్ తగిలించుకుని, పనిగది సింకు నిండా నీళ్ళు పట్టి ముఖం ముంచింది.

అద్దాల అంచులు అరగదీసినప్పుడు రాలిన ముక్కలు ఆ సింకు అడుగున ఎప్పుడూ ఉంటాయి. ముఖానికి జానెడు దూరమే కాబట్టి ఆ మైనస్ ఐదే ఆమెకు సరిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె వాటిని చెత్తలో ఎత్తి పోస్తోంది. ఆ రోజు ఒక్కో ముక్కా పేరు పెట్టి పిలిచినట్టు కనపడింది. ఒకదాని అంచున చిన్న నీలపు గీత, ఇంకోదాని మీద కూర్చున్న గాలిబుడగ, ఆ బుడగలో మళ్ళీ కిటికీ. కళ్ళద్దాలు లేకుండా, నీళ్ళలో, తన కళ్ళకు ఏదో ఒకటి అంత స్పష్టంగా కనపడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఊపిరి అయిపోయేదాకా చూసి, తల పైకెత్తి, ఒక్క కేక పెట్టింది. షాపు యజమాని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా? చెయ్యి తెగిందా?"

"ఏం తెగలేదండీ. నేను కూడా దిగుతాను."

"ఎక్కడికి?"

"అడుక్కి!" అంది అద్దాలక్క, ముఖమంతా నీళ్ళు కారుతుండగా.

ఇంట్లో ఆ మాట వినగానే అత్తగారు తింటున్న పళ్ళెం పక్కన పెట్టింది. "ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట. ఈతే రాదు, నీళ్ళ అడుక్కి దిగుతావా అమ్మాయ్?"

"ఈత నేర్చుకుంటాను అత్తయ్యా."

భర్త అచ్చాపీసులో కాగితాలు కత్తిరించే మిషను మీద పనిచేస్తాడు. ఇంట్లో మాత్రం ఎవరి మాటనూ కత్తిరించడు. "ముందు కళ్ళ డాక్టర్ని అడుగు," అని మాత్రం అన్నాడు. డాక్టరు లైటు వేసి అటూ ఇటూ చూసి, కంటి వెనక పొర గట్టిగానే ఉంది, దిగొచ్చు అని రాసిచ్చాడు. ఆ కాగితం ఆమె ఫ్రేము కట్టించలేదంతే.

నాలుగు నెలల్లో ఈత వచ్చింది. అందంగా కాదు, కానీ మునగకుండా. ఈతకు దిగేముందే తనకోసం తానే మాస్క్ చేసుకుంది. మాస్క్ అద్దం కంటికి ఇంకాస్త దూరంగా ఉంటుంది కాబట్టి పవర్ కొంచెం పెంచి, నల్లగుడ్డు మధ్యకు సరిగ్గా ఎదురుగా అద్దం మీద సిరా చుక్క పెట్టి, మూడుసార్లు కొలిచి అంటించింది. సిలిండరు వీపుకెత్తుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని మొదటిసారి కొలను అడుగున మోకాళ్ళ మీద కూర్చున్న రోజు, ఇంటికొచ్చి రాత్రి భోజనంలో ఏం తిన్నదో ఆమెకు గుర్తులేదు.

చిక్కు రెండు చోట్ల వచ్చింది. మొదటిది ఊపిరి. ఉత్సాహం కొద్దీ గబగబా పీల్చేసేది. "మిగతావాళ్ళ సిలిండరు ముప్పావుగంట వస్తే నీది పావుగంటలో ఖాళీ అవుతోందక్కా," అన్నాడు ప్లంబరు. "పార్కులో ఆదివారం పొద్దున్నే పరిగెత్తే గుంపు ఒకటుంది. వాళ్ళతో చేరు. ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది."

రెండోది మాస్క్ లేని నిమిషం.

అది క్లబ్బులో అందరూ తప్పక దాటాల్సిన పరీక్ష. కొలను అడుగున మాస్క్ పూర్తిగా తీసి, నోటి గొట్టంతో ఊపిరి పీలుస్తూ ఒక నిమిషం ఉండి, మళ్ళీ తొడుక్కుని, ముక్కుతో గాలి వదిలి లోపలి నీళ్ళు బయటికి తోసేయాలి. అది దాటినవాళ్ళే సరస్సుకు వెళ్తారు. సరస్సు నీళ్ళు తేటగా ఉండేది ఏడాదికి మూడు నాలుగు వారాలే. పరీక్షకు మూడు అవకాశాలు. మూడూ తప్పితే మళ్ళీ ఏడాదికే. అందరూ నీళ్ళకు భయపడతారు, అద్దాలక్కకు నీళ్ళంటే భయం లేదు. కళ్ళ ముందు నుంచి అద్దం పోవడమంటేనే భయం. నిద్రలో తప్ప ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె ఆ అద్దం లేకుండా లేదు.

మొదటి పరీక్షలో ఆమె చేసిన తప్పు కళ్ళద్దాలవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు. మాస్క్ తీసింది. తీసిన వెంటనే, కళ్ళద్దాలు తీసినప్పుడల్లా చేసినట్టే, అద్దం గీసుకుపోకుండా పైకి ఉండేలా తిప్పి, ఎంతో పద్ధతిగా పక్కనున్న బల్ల మీద పెట్టింది. నీళ్ళలో బల్లెక్కడిది? మాస్క్ చక్కా పోయింది. చేతికి ఏమీ తగలకపోయేసరికి కంగారుగా నీళ్ళంతా తడిమింది. ప్లంబరు చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి తెచ్చాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు తమ్ముడూ," అంది ఏడుపూ నవ్వూ కలిసి.

"పర్లేదక్కా. ఇంతవరకూ నీళ్ళ అడుగున ఫర్నిచర్ వెతికినవాళ్ళు లేరు. రికార్డు నీదే."

రెండోసారి మాస్క్ గట్టిగానే పట్టుకుంది. కానీ పన్నెండు సెకన్లకే చుట్టూ ఉన్నదంతా నీలం మసక అయిపోయి, ఎదురుగా ఉన్నది ప్లంబరో గోడో తెలియక, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పైకొచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే అవకాశం, మూడు వారాల గడువు.

ఇంట్లో బేసిన్లో నీళ్ళు పోసి, నోట్లో గొట్టం పెట్టుకుని, ఉత్త ముఖం ముంచి సాధన చేసింది. అత్తగారు గోడ గడియారం దించి ఒళ్ళో పెట్టుకుని టైము చూసేది. వద్దన్న మనిషే ఇప్పుడు ఒక్క సెకను తగ్గినా ఊరుకునేది కాదు. "తొంభై! పోయిన వారం తొంభై నాలుగు! ఏం చేస్తున్నావు అమ్మాయ్ లోపల?" బేసిన్లో తొంభై వచ్చేది. బేసిను తన ఇంట్లోది, ఏ మూలన ఏముందో తెలిసినది. కొలను అలా కాదు కదా.

ఇక పరుగు గుంపు సంగతి. వాళ్ళకో ఆచారం ఉంది. పార్కు చుట్టూ మూడు రౌండ్లు. ముందు చేరినవాళ్ళు గేటు దగ్గర పెట్టిన నీళ్ళ డబ్బా చుట్టూ నిలబడతారు గానీ ముట్టరు. అందరికంటే చివర వచ్చిన మనిషి మూత తీయాలి, అప్పుడే ఎవరైనా తాగాలి. ఇరవై మంది గొంతులు ఎండిపోయి తనకోసం ఎదురుచూస్తుంటే నత్తనడకన రావడమంటే ఏమిటో అద్దాలక్క మొదటివారమే తెలుసుకుంది. సిగ్గుతో చచ్చిపోవాల్సింది, కానీ ఆమె మూత తీయగానే వాళ్ళు కొట్టిన చప్పట్లకు మళ్ళీ వారం ఎప్పుడొస్తుందా అనిపించింది.

రెండోవారం ఆమెకు తోడు దొరికాడు. పుట్టుకతోనే చూపులేని మనిషి, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఊరందరి మాటలూ ఒకరికొకరికి కలిపి రిటైరైనాయన. అందరూ ఎక్స్‌ఛేంజి బాబాయి అంటారు. ఒక పాత షూలేసుకు రెండు చివర్లా ఉచ్చులు వేసుకుని తిరుగుతాడు. ఒక ఉచ్చు ఆయన వేళ్ళకు, రెండోది పక్కన పరిగెత్తేవాళ్ళ వేళ్ళకు. ఒకసారి లాగితే మెట్టు, రెండుసార్లు లాగితే మలుపు, లేసు వదులుగా ఉంటే అంతా క్షేమం.

"నాకు వేగం వద్దు తల్లీ, వార్తలు కావాలి," అన్నాడు. "ఇన్నాళ్ళూ తోడొచ్చినాయన కుడి, ఎడమ, ఆగు తప్ప నోరిప్పడు. నేను పరిగెడుతున్నానా, లారీని వెనక్కి తీస్తున్నారా తెలిసేది కాదు."

"నాకే మైనస్ తొమ్మిదిన్నర బాబాయ్ గారూ."

"మరీ మంచిది. పడితే ఇద్దరం పడదాం. తొక్కేవాళ్ళు కూడా వెనక ఎవరూ లేరు, మనమే చివర."

ఆ రోజు నుంచి అద్దాలక్క పరిగెత్తుతూ వార్తలు చదివింది. "ఆకుపచ్చ బెంచీకి పసుపు రంగేశారు. ఎవరో ఆరకముందే కూర్చున్నారు, అచ్చు పడింది." "ఎంత మనిషి?" "బాగా తిన్న మనిషే." "హెహ్హె! తర్వాత?" "ఎదురుగా ఒకాయన కుక్కని తిప్పుతున్నాడు. కాదు, కుక్కే ఆయన్ని తిప్పుతోంది." మాట్లాడుతూ పరిగెత్తాలంటే ఊపిరిని పొదుపుగా వాడాలి. రెండు అడుగులకు పీల్చి నాలుగు అడుగులకు వదలడం ఆమెకు తెలియకుండానే అలవాటైంది. కొలనులో సిలిండరు అరగంట దాటింది.

మూడో పరీక్షకు సరిగ్గా వారం ముందు, రెండో రౌండులో, వాన పట్టుకుంది. చినుకులు కాదు, కుండపోత. కళ్ళద్దాల మీద బయట నీళ్ళు, లోపల ఆవిరి. అద్దాలక్క ఆగిపోయింది.

"ఏం తల్లీ, ఆగావ్?"

"నాకేం కనపడట్లేదు బాబాయ్ గారూ."

"తుడుచుకో."

"తుడవడానికి పొడి గుడ్డ లేదు. ఒంటి మీదవన్నీ తడిసిపోయాయి."

"అయితే తీసి జేబులో పెట్టు."

"తీస్తే నేను..."

"ఆఁ, నువ్వు? నాలాగా అవుతావు, అంతేగా? అంత ఘోరమేం కాదులే. యాభై ఎనిమిదేళ్ళ నుంచీ నేనదే పనిలో ఉన్నాను."

అద్దాలక్కకు నాలుక కరుచుకోవాలనిపించింది. కళ్ళద్దాలు తీసింది. చెయ్యి అలవాటుగా బల్ల కోసం చాపుకుంది. ఆ చేతిని ఆమె బలవంతాన జేబులోకి తిప్పింది.

"ఇప్పుడు వార్తలు నేను చదువుతాను," అన్నాడు బాబాయి, అరడుగు ముందుకు జరిగి. "ఎడమ చెవికి పంపుహౌసు మోత వినపడుతోందా? అది వెనక్కి పోతుండాలి. కాలికింద కంకర అయిపోయి తారు తగలగానే చెప్పు. కుడివైపు చల్లగాలి తగిలితే అది గోడ అయిపోయినచోటు. ఊఁ, పద!"

పరిగెత్తింది. మొదటి పది అడుగులు కాలు కాలిన పిల్లిలా. తర్వాత చెవులు తెరుచుకున్నాయి. పంపు మోత వెనక్కి జరగడం వినపడింది. తారు వచ్చింది, "తారు!" అని అరిచింది. గాలి తగిలింది, "గాలి!" అని అరిచింది. లేసు వదులుగా ఊగుతోంది, అంటే అంతా క్షేమం. చూపున్న మనిషిని చూపులేని మనిషి నడిపిస్తున్నాడనే మాట తలచుకోగానే ఆమెకు నవ్వాగలేదు. ఇన్నేళ్ళూ ఏ మసకకు భయపడిందో అందులోనే తను పరిగెడుతోంది, అదీ నవ్వుతూ. ఇంత సంతోషం ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో ఆమెకు అర్థం కాలేదు. గేటు దగ్గర తడిసి ముద్దయిన గుంపు వీళ్ళు రావడం చూసి నోళ్ళు తెరిచింది. చివరివాళ్ళుగా వచ్చినా అంతకు ముందెప్పుడూ లేనంత తొందరగా వచ్చారు.

మర్నాడు ప్లంబరు పని చేస్తున్న ఇంటికే వెళ్ళి అడిగింది. "పరీక్షలో షూలేసు పట్టుకోవచ్చా తమ్ముడూ?"

సింకు కిందినుంచి తల బయటికొచ్చింది. "నీళ్ళలో తాడు అంటే చిక్కుముడి అక్కా. క్లబ్బులో తాళ్ళు రానివ్వం."

"ముడి వద్దు. ఉచ్చుల్లేకుండా ఉత్త లేసు. ఈ చివర నువ్వు రెండు వేళ్ళతో పట్టుకో, ఆ చివర నేను. వేళ్ళు వదిలితే ఊడిపోవాలి. నిమిషం కాగానే ఒకసారి లాగు."

అతను పానా నేల మీద పెట్టాడు. "సరే. కానీ పరీక్ష పరీక్షే. నిమిషంలో సెకను తగ్గించను."

"తగ్గిస్తే మా అత్తయ్య ఊరుకోదు," అంది అద్దాలక్క.

ఆదివారం కొలను గట్టు నిండిపోయింది. పరుగు గుంపంతా వచ్చింది, నీళ్ళ డబ్బాతో సహా. కొలను గడియారం మీద నమ్మకం లేక అత్తగారు గోడ గడియారాన్ని చీర చెంగులో చుట్టి తెచ్చింది. బాబాయి గట్టు మీద బోర్లా పడుకుని చెవి నీళ్ళకు ఆనించాడు.

మూడు మీటర్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని అద్దాలక్క లేసు చివర వేళ్ళ మధ్య పెట్టుకుంది. ప్లంబరు కానీయమన్నట్టు తల ఊపాడు. మాస్క్ తీసింది. నీళ్ళు ముక్కులో చురుక్కుమన్నాయి. లోకం మొత్తం నీలం మసకైపోయింది. మాస్క్ పట్టుకున్న చెయ్యి మళ్ళీ ఆ లేని బల్ల వైపు కదిలింది. కదిలిన చేతిని గుండెకు అదుముకుంది. ప్లంబరు కనపడలేదు. లేసు మాత్రం వేళ్ళ మధ్య ఉంది, వదులుగా. అంతా క్షేమం. రెండు అడుగులకు పీల్చింది, నాలుగు అడుగులకు వదిలింది. అడుగుల్లేని చోట అడుగులు లెక్కపెట్టుకుంటూ మనసులో పార్కు చుట్టింది. పంపుహౌసు దాటింది. తారు వచ్చింది. గోడ అయిపోయింది. గేటు కనపడబోతుండగా లేసు ఒకసారి లాగింది. మెట్టు! అంటే పైకి రావచ్చు. నిమిషం అయింది!

మాస్క్ తొడిగి ముక్కుతో గట్టిగా ఊదింది. నీళ్ళు దిగాయి, లోకం తిరిగొచ్చింది. ఎదురుగా ప్లంబరు రెండు పిడికిళ్ళూ గాల్లో, కాదు, నీళ్ళలో ఊపుతూ గంతులేస్తున్నాడు.

పైకొచ్చేసరికి గట్టంతా గోల. "డెబ్భై ఒకటి!" అని అరుస్తోంది అత్తగారు. "పదకొండు సెకన్లు ఎక్కువ ఉంచాడు మా కోడల్ని!" పైనుంచి చూసేవాళ్ళకు ఎండ మెరుపు తప్ప ఏమీ కనపడలేదట. బుడగల చప్పుడు విని బాబాయే వాళ్ళకు వార్తలు చదివాడట: మాస్క్ తీసింది, పీల్చింది, వదిలింది, కంగారు లేదు, పీల్చింది, ముక్కుతో ఊదింది. ఇరవై రెండు మంది చూపున్నవాళ్ళు ఆ నిమిషమంతా ఆయన నోటివైపే చూశారట. నీళ్ళ డబ్బా మూత ఇంకా ఎవరూ తీయలేదు. అద్దాలక్క తడిచేతులతో తీసింది.

పది రోజుల తర్వాత సరస్సు. నీళ్ళు చెప్పినట్టే తేటగా ఉన్నాయి. ఐదు మీటర్ల లోతున ఆమె చేసిన అద్దాల్లోంచి ఆమె చూసినవన్నీ రాస్తే ఇంకో కథవుతుంది. గోరంత చేపలు గుంపుగా ఒక్కసారే మలుపు తిరిగాయి. నాచు మీద ఎండ జారింది. ఒక గులకరాయి ఎంత ముద్దుగా ఉందంటే పళ్ళ డాక్టర్ని చెయ్యి పట్టి లాగి మరీ చూపించింది. ఏనుగెక్కినంత సంబరంలో ఉండగా ఆమెకు గట్టు మీద అత్తగారి పక్కన కూర్చున్న బాబాయి గుర్తొచ్చాడు. పైకెళ్ళగానే వార్తలేమిటి తల్లీ అంటాడు. చేపల రంగులు చెప్తే వింటాడు, మర్యాదకు. కానీ అవి తన వార్తలు, ఆయనవి కావు.

ప్లంబరు వైపు తిరిగి మాస్క్ మీద వేలు తట్టి, తీస్తానని సైగ చేసింది. ఎందుకన్నట్టు చూశాడు. పరీక్ష లేదు, ఎవరూ అడగలేదు. ఆమె లేసు చివర చాపింది. అతను పట్టుకున్నాడు.

అద్దాలక్క తన ఇష్టంతో మాస్క్ తీసి, కళ్ళు మూసుకుని, విన్నది.

గట్టెక్కగానే, ఊపిరి కూడా తిప్పుకోకుండా, బాబాయి పక్కన చతికిలబడింది.

"వార్తలేమిటి తల్లీ?"

"మాస్క్ తీసేసి చూశాను బాబాయ్ గారూ. మీకోసం. మెడ దాకా వెచ్చన, మోకాళ్ళ దగ్గర చలి. నీళ్ళు పొరలు పొరలుగా ఉన్నాయి. తర్వాత పైన మోటారు పడవొకటి పోయింది. ఎటునుంచి వస్తోందో తెలీలేదు. కుడివైపా, ఎడమవైపా, వెనకా, ఎంత విన్నా తెలీలేదు. నీళ్ళలో చప్పుడుకి దిక్కుల్లేవు. మోతంతా తల లోపలే ఉన్నట్టుంది."

ఊరి మాటలన్నీ చెవిలో మోసినాయన, పంపు మోత పట్టుకుని వానలో దారి చూపినాయన, ఆమె గొంతు వైపు చెవి తిప్పాడు.

"దిక్కు తెలీలేదా? నిజంగా?"

"నిజంగా."

"అయితే అక్కడ నేను కూడా దారి తప్పుతానన్నమాట," అన్నాడు మెల్లగా. "పుట్టాక ఒక్కసారీ తప్పలేదు నేను. జాగ్రత్త, జాగ్రత్త అని తప్పనివ్వలేదు ఎవరూ." అంతలోనే ముఖమంతా నవ్వు పాకింది. "కొలను ఎన్నింటికి తెరుస్తారు తల్లీ, ఆదివారం?"

"ఏడింటికి."

"ఆయనకి కూడా టైము నేనే చూస్తా," అంది అత్తగారు, గడియారం ఒళ్ళోకి లాక్కుని.

అద్దాలక్క షూలేసును గట్టిగా పిండి, ఒక చివర తన వేళ్ళకు చుట్టుకుని, రెండో చివర బాబాయి చేతిలో పెట్టింది.